ఏడు సీజన్ల పాత చదరపు బేలర్: చేత్తో తిప్పి చూస్తే తేలిన లెక్క

మిర్యాలగూడ, వేములపల్లి మధ్య ఒక షెడ్డులో అమ్మకానికి పెట్టిన చదరపు బేలర్, అంటే గడ్డిని చదరపు కట్టలు కట్టే మిషన్, ఇది. సుతిలికి ముడి వేసే నాటర్లు రెండున్న బండి. కట్ట గది కొలత 36 × 46 సెంటీమీటర్లు. నాటర్‌కు డ్రైవ్ చైను మీద వస్తుంది. ఏడు సీజన్లు ఆడిందని అమ్మే ఆయన మాట. సూదుల కళ్లు చూస్తే ఇంకా ఎక్కువే ఆడినట్టుంది. కొత్తగా రంగు కొట్టించారు, టైర్లు గట్టిగా ఉన్నాయి, పికప్ పళ్లలో విరిగినవి రెండే. పైపైన చూసి బేరం కుదుర్చుకునేలా ఉంది. టైమింగ్ (ఏ భాగం ఎప్పుడు కదలాలన్న వరస) దగ్గరికి వచ్చేసరికి మాత్రం గడ్డిని నొక్కే ప్లంజర్, సుతిలి అందించే సూదులు, గడ్డిని గదిలోకి తోసే ఫీడర్ మూడూ మూడు దారుల్లో ఉన్నాయి. అంతా చూసి, సరిచేసి, పొలంలో ఆడించాక తేలిందేమిటంటే ఇది కొనదగ్గ బండే, అడిగిన ధరకు మాత్రం కాదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ బాపతు బళ్ల పని తీరు చాలావరకు ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పిన వరస మిగతా వాటికీ పనికొస్తుంది.

మన దగ్గర ఎక్కువగా తిరిగేవి గడ్డిని గుండ్రంగా చుట్టే చిన్న బేలర్లు. వాటికి నాటర్ ఉండదు. సుతిలి చుట్టి కోసేయడమే, కాబట్టి టైమింగ్ తలనొప్పి తక్కువ. చదరపు కట్టకు గిరాకీ వేరే కారణం వల్ల. డీసీఎంలో సందు లేకుండా పేర్చుకోవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద కొన్న గడ్డిని దేవరకొండ, మునుగోడు లాంటి మెట్ట జాగలకు తోలేటప్పుడు కిరాయి కలిసొస్తుంది. దానికి బదులుగా ఈ మిషన్ అడిగేది కచ్చితత్వం. ప్లంజర్ నిమిషానికి 80, 90 సార్లు పోయి వస్తుంటుంది. రెండు పోట్ల మధ్య సెకను కూడా ఉండదు. ఆ సందులోనే ఫీడర్ గడ్డి తోసి బయటపడాలి. కట్ట నిండిన పోటులో సూదులు సుతిలి పట్టుకుని పైకి లేచి, దాన్ని నాటర్‌కు అందించి, మళ్లీ కిందికి దిగిపోవాలి. ఒకటి ఆలస్యమైతే ఇంకోటి దానికి గుద్దుకుంటుంది.

చూడటానికి ట్రాక్టర్ స్టార్ట్ చేయాల్సిన పని లేదు, చేయకూడదు కూడా. ట్రాక్టర్ బంద్ చేసి తాళం చెవి జేబులో వేసుకోవాలి. ట్రాక్టర్ నుంచి బేలర్‌ను తిప్పే పీటీఓ షాఫ్ట్ ఊడదీయాలి. ఫ్లైవీల్ (ఊపు నిలిపే బరువైన చక్రం) పూర్తిగా ఆగిందాకా మూతలు తెరవద్దు. కట్ట బిగువు సర్దే డెన్సిటీ స్క్రూలు వదులు చేసి గదిలో ఉన్న గడ్డి తీసేయాలి. ఆ తర్వాత ఫ్లైవీల్‌ను బాణం గుర్తు చూపిన వైపే చేత్తో తిప్పాలి. నాటర్ ట్రిప్ అయి (ముడి వేసే పనికి కదిలి) ఉన్నప్పుడు వెనక్కి తిప్పితే సూదులూ నాటర్ భాగాలూ దెబ్బతింటాయి. ఫ్లైవీల్ దాదాపు ఆరు చుట్లు తిరిగితే ప్లంజర్ ఒక్కసారి పోయి వస్తుంది కాబట్టి తొందర పనికిరాదు. కొలవాల్సిన చోటు దాటిపోతే వెనక్కి రావద్దు, ప్లంజర్ ఇంకోసారి పూర్తిగా పోయి వచ్చేలా తిప్పి మళ్లీ అక్కడికి రావాలి. చైనులో, గేర్లలో ఉన్న లూజు ఎప్పుడూ ఒకే పక్కకు లాగి ఉంటేనే కొలత నిజం చెప్తుంది. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు గదిలో చెయ్యి పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. టార్చి లైటు చాలు.

మొదట వెతకాల్సింది సేఫ్టీ లాచ్. సూదులు తమ జాగ వదిలి లేవగానే ఈ ఇనుప నాలుక గది పక్క నుంచి ప్లంజర్ దారిలోకి వస్తుంది. టైమింగ్ తప్పి సూదులు గదిలో ఉండగానే ప్లంజర్ వస్తే, అది సూదులకు బదులు లాచ్‌కు తగిలి ఆగుతుంది. ఫ్లైవీల్ మీది షియర్ బోల్టు తెగుతుంది. పోయేది ఒక బోల్టు, మిగిలేవి రెండు సూదులు. ఈ బండిలో ఆ లాచ్‌ను బైండింగ్ వైరుతో వెనక్కి లాగి కట్టేశారు. మాటిమాటికీ షియర్ బోల్టు తెగుతోందని చాలామంది చేసే పని ఇదే, అన్నిటికంటే చెడ్డ పని కూడా ఇదే. లాచ్ కట్టేసిన బండి కనిపిస్తే దాని టైమింగ్ తప్పిందని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వైరే చెప్తోంది. వైరు తీసేసి, స్ప్రింగు మార్చి, కీలు దగ్గర పేరుకుపోయిన పొట్టు గీకి గ్రీజు పెడితే లాచ్ మళ్లీ తనంతట తానే ఆడింది.

షియర్ బోల్టు సంగతి కూడా ఇక్కడే. ఇందులో దొరికింది మామూలు దుకాణంలో కొన్న హైటెన్సిల్ బోల్టు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు బోల్టే వాడాలి, ఎందుకంటే అది తెగడానికే ఉంది. తెగని బోల్టు వేస్తే దాని బదులు గేరుబాక్సు పళ్లో సూదులో పోతాయి. బోల్టు రంధ్రం కోలగా అరిగిందేమో కూడా చూడాలి. అరిగిన రంధ్రంలో సరైన బోల్టు కూడా కారణం లేకుండా తెగుతూనే ఉంటుంది. ఈ బండిలో రంధ్రం గుండ్రంగానే ఉంది.

లాచ్ అయ్యాక సూదుల మీదికి పోవద్దు, ప్లంజర్ మీదికి పోవాలి. టైమింగ్ కొలతలన్నీ ప్లంజర్ ముఖం నుంచి తీసేవే. ప్లంజరే ఊగుతుంటే ఏ కొలతా నిలవదు. చిన్న గడ్డపార మొన ఆనించి ప్లంజర్‌ను పైకీ పక్కకూ ఎత్తి చూస్తే ఇందులో బేరింగు రోలర్లు అరిగి గడగడలాడుతున్నాయి. ప్లంజర్‌కు ఉన్న కత్తికీ, గది అంచున కదలకుండా బిగించిన కత్తికీ మధ్య సందు 0.8 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. ఇక్కడ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) పెడితే పైన ఒకటిన్నర, కింద రెండు మిల్లీమీటర్లు దాటింది. సందు పెరిగితే గడ్డి తెగదు, రెండు కత్తుల మధ్య నలిగి మడతపడుతుంది. కట్టకు ఆ పక్క పీచులు వేలాడతాయి, ప్రతి పోటుకూ బండి కుదుపు ఇస్తుంది, ఫ్లైవీల్ మీద భారం పెరుగుతుంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి మిగతా గడ్డితో పోలిస్తే కత్తులు తొందరగా మొద్దుబారతాయి. చైను హార్వెస్టర్ తిరిగిన తడి మడిలో గడ్డికి మట్టి అంటుకుని వస్తే ఇంకా తొందరగా. రోలర్లు మార్చి, షిమ్ములు (సందు సర్దే పలుచటి రేకులు) సర్ది, కత్తులు తీసి సాన పట్టించాక సందు పై నుంచి కింది దాకా ఒకేలా వచ్చింది. ఈ బండిలో ఎక్కువ డబ్బు ఖర్చయ్యే పని ఇదే.

ఇప్పుడు సూదులు. ట్రిప్ ఆర్మ్‌ను చేత్తో లేపి నాటర్‌ను ట్రిప్ చేసి, ఫ్లైవీల్ మెల్లగా తిప్పుతూ పోతే సూది మొనలు గది అడుగు నుంచి పైకి తొంగి చూస్తాయి. అక్కడ ఆపాలి. ఆ క్షణానికి ప్లంజర్ ముఖం సూదుల వరస దాటి వెనక పక్కకు పోయి ఉండాలి. అంటే సూదులు లేచేది ప్లంజర్‌లో వాటి కోసం వదిలిన గాడుల్లోకి, గడ్డిలోకి కాదు. గడ్డిని వెనక్కి నెట్టి ఖాళీ చేసిన దారిలోనే సూది పోవాలి, గడ్డిని పొడుచుకుంటూ పోకూడదు. ప్లంజర్ ముఖం సూది మొనను ఎంత దాటి ఉండాలో మోడల్‌ను బట్టి మారుతుంది, ఆ అంకె మాన్యువల్‌లోదే తీసుకోవాలి. పక్క ఊరి బండి కొలత దీనికి పెట్టొద్దు.

సూదులు ముందే లేస్తే, ప్లంజర్ ఇంకా గడ్డిని నెడుతూ రావడం వల్ల ఆ గడ్డి సూదుల మీద పడి వాటిని వంచుతుంది. ఆలస్యంగా లేస్తే ప్లంజర్ అప్పటికే తిరిగిపోతుంటుంది, నొక్కిన గడ్డి ఉబికి సూది ముందు పడుతుంది. సుతిలి పక్కకు జరిగి నాటర్‌కు అందదు. సూదులు కిందికి దిగేది కూడా ఆలస్యమై, తర్వాతి పోటుకు ప్లంజర్ వాటి మీదికే వస్తుంది. ఈ బండి రెండో రకం. కుడి సూది ఎడమ దాని కంటే వేలి మందం కిందికి ఉంది, అంటే ఒకసారి దెబ్బ తిని వంగింది. దాన్ని వేడి చేసి సరి చేయించవచ్చంటారు కానీ పోత ఇనుము సూది అయితే ఆ ఆలోచనే వద్దు, మార్చడమే మంచిది. రెండు సూదుల కళ్లలోనూ సుతిలి గీసి గీసి గాడి పడింది. ఆ గాడి అంచుకు సుతిలి పీచు లేస్తుంది, పీచు లేచిన సుతిలి నాటర్‌లో తెగుతుంది.

ఆలస్యానికి కారణం నాటర్ డ్రైవ్ చైను. ఎవరో చైను ఊడదీసి వేసేటప్పుడు స్ప్రాకెట్ మీద ఒక పన్ను తప్పించారు. ఒక్క పన్నే కదా అనుకుంటారు, లెక్క వేసి చూడండి. నాటర్ షాఫ్ట్, ప్లంజర్ క్రాంకు రెండూ ఒకదానికొకటి చుట్టుకు చుట్టు తిరుగుతాయి. నాటర్ స్ప్రాకెట్‌కు 18 పళ్లుంటే ఒక పన్ను అంటే 20 డిగ్రీలు. స్ట్రోకు (ప్లంజర్ ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయే దూరం) 76 సెంటీమీటర్లు అయితే, స్ట్రోకు మధ్యలో ఆ 20 డిగ్రీలకు ప్లంజర్ 13 సెంటీమీటర్ల దాకా జరిగిపోతుంది. జానెడులో సగం కంటే కాస్త ఎక్కువ. కొసల దగ్గర తేడా తగ్గుతుంది, అయినా సూదిని వంచడానికి అది చాలు. చైను విప్పే ముందు రెండు స్ప్రాకెట్ల మీదా, చైను లింకుల మీదా తెల్ల పెయింటుతో గుర్తు పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

సరి చేసే వరస ఇది. సూదులు గదిలోకి తొంగి చూసే చోట ఫ్లైవీల్ ఆపి, ప్లంజర్ ముఖం ఎంత దాటిందో టేపుతో కొలవాలి. చైను టెన్షనర్ వదులు చేసి, స్ప్రాకెట్ నుంచి చైను తప్పించి, నాటర్ స్ప్రాకెట్‌ను ముందుకు ఒక పన్ను తిప్పి మళ్లీ ఎక్కించాలి. టెన్షనర్ బిగించాక ప్లంజర్ ఒకసారి పూర్తిగా పోయి వచ్చేలా తిప్పి, నాటర్‌ను మళ్లీ ట్రిప్ చేసి కొలవాలి. పన్ను కంటే తక్కువ తేడా ఉంటే కొన్ని మోడళ్లలో స్ప్రాకెట్ హబ్‌కు కోల రంధ్రాలుంటాయి, అక్కడ సర్దుకోవచ్చు. చాలామంది ఇక్కడ చేసే తప్పు సూదులను లాగే రాడ్డు పొడవు మార్చడం. ఆ రాడ్డు ఉన్నది సూదులు కింద ఎక్కడ ఆగాలి, పైన ఎంత ఎత్తు లేవాలి అన్నదానికి. దానితో టైమింగ్ సర్దితే సూది మొన నాటర్ దగ్గర పొట్టిగా ఆగుతుంది, ముడి పడదు, అప్పుడు తప్పంతా నాటర్ మీద వేస్తారు. ఈ బండిలో ఆ రాడ్డుకు రెండు కొత్త చెక్ నట్లున్నాయి. ఎవరో ఆ పని కూడా చేశారన్న మాట.

నాటర్ బ్రేకు కూడా ఈ పనిలో భాగమే. సూదులు కిందికి దిగాక వాటిని జాగాలో ఆపేది ఆ బ్రేకు. వదులైతే సూదులు ఆగాల్సిన చోటు దాటి మళ్లీ మెల్లగా గదిలోకి జారుతాయి, లాచ్ బయటికి వస్తుంది, బోల్టు తెగుతుంది. బ్రేకు లైనింగు మీద గ్రీజు పడితే ఎంత బిగించినా ఇదే జరుగుతుంది. ఇందులో అదే అయింది. పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, స్ప్రింగు కొద్దిగా బిగిస్తే సూదులు ఆగాల్సిన చోట టక్కున ఆగాయి.

ఫీడర్ పని తొందరగా తెలుస్తుంది. ప్లంజర్ కత్తి గడ్డి లోపలికి వచ్చే కిటికీ దగ్గరికి చేరేసరికి ఫీడర్ ఫోర్కు పళ్లు గదిలోంచి పూర్తిగా బయటికి వచ్చేసి ఉండాలి. ఇక్కడ రెండు పళ్ల చివర్లకు కొత్త గీతలు మెరుస్తున్నాయి, అంటే ప్లంజర్ వాటిని రాసుకుంటూ పోతోంది. ఫీడర్ డ్రైవు ఒక లింకు సర్దితే ఆ రాపిడి పోయింది. ముందుకు మరీ జరిపినా తప్పే. ప్లంజర్ ఇంకా కిటికీని మూసి ఉండగానే గడ్డి తోస్తే అది గది ముందరే కుప్ప పడుతుంది. కట్ట ఒక పక్క గట్టిగా, ఒక పక్క మెత్తగా వచ్చి అరటిపండులా వంగితే పళ్ల దూరం చూసుకోవాలి. అవతలి గోడ పక్క మెత్తగా ఉంటే ఫోర్కు పళ్లు ఇంకా లోపలికి పోవాలి, ఇవతలి పక్క మెత్తగా ఉంటే తగ్గించాలి. కత్తి మొద్దుబారినా కట్ట వంకర పోతుంది, కాబట్టి కత్తుల పని అయ్యాకే దీని మీద చెయ్యి వేయాలి.

నాటర్ దగ్గర ఓపిక కావాలి. ముడి వేసేది పక్షి ముక్కులాంటి బిల్ హుక్. సుతిలి రెండు పేటలనూ బిగబట్టి ఉంచేది ట్వైన్ డిస్కు, దాని హోల్డరు. ముడిని హుక్ మీది నుంచి తుడిచి దించేది వైపర్ ఆర్మ్. చెడిన ముడిని చేతిలో పట్టుకుని చూస్తే ఏ భాగం తప్పు చేసిందో అదే చెప్తుంది. ముడి పడి హుక్ మీదే ఉండిపోయి, కట్ట లాగినప్పుడు తెగితే వైపర్ హుక్‌ను సరిగా తుడవడం లేదు, లేదా హుక్ నాలుక స్ప్రింగు మరీ బిగువుగా ఉంది. ముడి ఒక్క పేటకే పడి రెండోది జారిపోతే హోల్డరు వదులు, లేదా సూది సుతిలిని డిస్కు గాడిలో పెట్టడం లేదు. సుతిలి కొసలు నలిగి పీచులుగా ఉంటే సుతిలి కోసే కత్తి మొద్దు, లేదా హోల్డరు మరీ బిగువు. హోల్డరు బిగించేటప్పుడు బోల్టును ఒకేసారి సగం చుట్టు తిప్పొద్దు. పావు చుట్టు తిప్పాలి, నాలుగు కట్టలు చూడాలి, తర్వాత మళ్లీ పావు.

ఈ బండిలో ఎడమ నాటర్ ముడి హుక్ మీద వదిలేస్తోంది. దగ్గరగా చూస్తే హుక్ వీపు మీద తుప్పు మచ్చలు, చేతికి ఇసుక రాసినట్టు గరుగ్గా ఉంది. సీజను అయిపోయాక నూనె రాయకుండా వానలో వదిలేసిన బండికి ఇది తప్పదు. మెత్తని ఎమరీ పేపరుతో గోరు జారేంత నున్నగా రుద్ది, వైపర్ ఆర్మ్‌ను చిన్న రాడ్డుతో వంచి హుక్ మడమను ఒత్తి తుడిచేలా చేశాక ఆ జబ్బు పోయింది. డిస్కు గాడి సూదికి ఎదురుగా రాకపోతే నాటర్‌లోని వార్మ్ గేరు నట్టు వదులు చేసి, కొద్దిగా తట్టి, సర్దాలి. ఇక్కడ ఆ అవసరం రాలేదు. సుతిలి మందం ఉండకు ఉండకు మారితే హోల్డరు బిగువూ మారుతుంది. ఒకే రకం సుతిలి ఏడాదికి సరిపడా కొని పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

పొలంలో ఆడించింది 45 హెచ్‌పీ ట్రాక్టర్ మీద, పీటీఓ కచ్చితంగా నిమిషానికి 540 చుట్ల దగ్గర. డీజిలు ఆదా అవుతుందని చుట్లు తగ్గించి ఆడించేవాళ్లున్నారు. ఫ్లైవీల్ ఊపు తగ్గితే ప్లంజర్ బలం తగ్గుతుంది, గడ్డి చిక్కుకుని బోల్టు తెగేది అప్పుడే. కోసిన తర్వాత రెండు ఎండలు తగిలిన గడ్డి, మంచు ఆరాక మొదలుపెట్టారు. తేమ 20 శాతం కంటే తక్కువ ఉండాలి, అంతకంటే ఎక్కువైతే కట్ట లోపల బూజు పడుతుంది. 60 కట్టల్లో రెండు ఊడాయి, రెండూ మొదటి పదిలోనే. హోల్డరు పావు చుట్టు బిగించాక మిగతావి నిలిచాయి. ప్లంజర్ ఒక్కసారి కూడా లాచ్‌కు తగల్లేదు, బోల్టు తెగలేదు. కట్ట పొడవు మాత్రం కాస్త ఎక్కువ తక్కువలుగా వస్తోంది. కట్టను కొలిచే పళ్ల చక్రం అంచులు అరిగి కొన్నిసార్లు జారుతోంది, అది చిన్న ఖర్చు.

ధర దగ్గర మాట్లాడేటప్పుడు ప్లంజర్ రోలర్లు, కుడి సూది, కొలిచే చక్రం మూడింటి ఖర్చూ, ఒక రోజు మెకానిక్ కూలీ తీసేసి అడగాలి. చైను సర్దడం, బ్రేకు కడగడం, హుక్ రుద్దడం పానాలతో అయ్యే పనులే, వాటికి ధర తగ్గించమంటే ఒప్పుకోరు. ఒప్పుకోకున్నా పరవాలేదు. గేరుబాక్సు చప్పుడు లేకుండా తిరుగుతోంది, ఫ్రేము ఎక్కడా వెల్డింగు చేయలేదు, ఫ్లైవీల్ సమంగా ఉంది. ఈ మూడూ బాగున్న పాత బండి తేలిగ్గా దొరకదు. పైసలు చేతిలో పెట్టే ముందు ఆ మోడల్ మాన్యువల్ ఇమ్మని అడగండి. లేదంటే పార్ట్ నంబర్లు ఉన్న ప్లేటు ఫోటో తీసుకుని డీలరు దగ్గర తెచ్చుకోండి. సూదీ ప్లంజరూ ఎంత దూరంలో ఉండాలో చెప్పే ఆ ఒక్క అంకె లేకుండా వచ్చే యాసంగిలో చైను ఊడదీయొద్దు.